చలికాలంలో వ్యాన్‌పై అద్దాలు శుభ్రం చేసే పని: విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నీళ్ల ట్యాంకు, పంపు, పొడుగు పోల్, రబ్బరు వైపర్లు ఒక చిన్న వ్యాన్‌లో పెట్టుకుని ఇళ్లు, దుకాణాలు, ఆసుపత్రులు, కల్యాణమండపాల అద్దాలు శుభ్రం చేసే పనిని కొత్తగా చేపట్టినవారు కార్తీకం నుంచి మాఘం వరకు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఒకరిద్దరు పనివారితో నడిచే చిన్న బండ్లను దృష్టిలో ఉంచుకునే ఇవి రాశాము. పెద్ద భవనాలకు తాళ్లతో దిగి చేసే పనికి శిక్షణ వేరు, పరికరాలు వేరు కాబట్టి దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

చలికాలంలో ఈ పనికి గిరాకీ ఉంటుందా, లేక బండిని షెడ్డులో పెట్టుకోవలసిందేనా?

విదేశాల వీడియోలు చూసినవారికి ఈ అనుమానం సహజంగానే వస్తుంది. అక్కడ గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పని ఆగిపోతుంది. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రులు ఎంత చల్లబడినా మైదాన ప్రాంతంలో నీరు గడ్డకట్టే పరిస్థితి రాదు. ఇక్కడ చలికాలంలో తగ్గేది పని కాదు, పని చేయగల గంటలు. ఆ కొద్ది గంటల్లోనే క్రిస్మస్, కొత్త సంవత్సరం, పెద్దపండుగ, ఆ తరువాత మాఘమాసపు పెళ్లిళ్లు వరుసగా వచ్చి పడతాయి. అందువల్ల ఈ నాలుగు నెలల్లో ఆర్డర్లు వెతుక్కోవడం కంటే, వచ్చిన ఆర్డర్లను ఏ తేదీన, ఏ వేళకు పెట్టుకోవాలో తెలుసుకోవడమే ముఖ్యం. కింది సమాధానాలు చాలావరకు దాని చుట్టూనే తిరుగుతాయి.

ఉదయం ఎన్ని గంటలకు పని మొదలుపెట్టాలి?

వేసవిలో ఎండకు ముందే ముగించాలని ఆరింటికే బయలుదేరే అలవాటు చలికాలంలో చెల్లదు. మబ్బు లేని రాత్రి అద్దం తనలోని వేడిని ఆకాశంలోకి వదిలి చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువగా చల్లబడుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మన జిల్లాల గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, ఆ తేమ అద్దం మీద మంచుగా దిగుతుంది. పగలు పేరుకున్న ధూళి అందులో తడిసి పలుచని బురదగా మారుతుంది. ఆ సమయంలో వైపర్ లాగితే బురద అంచులకు చేరి చారలు కడుతుంది, తుడిచిన అద్దం మీద మళ్లీ చెమ్మ పడుతుంది, గంట తరువాత అదే కిటికీ దగ్గరకు మళ్లీ రావలసి వస్తుంది.

సాధారణంగా ఎనిమిదిన్నర, తొమ్మిది గంటల వరకు బయటి అద్దాలను ముట్టుకోకపోవడమే మంచిది. అయితే ఆ సమయాన్ని వృథా చేయనక్కరలేదు. వెడల్పాటి సన్‌షేడ్ కింద ఉన్న కిటికీలకు ఆకాశం సూటిగా కనబడదు కాబట్టి వాటి మీద మంచు తక్కువగా పడుతుంది. వాటితోను, లోపలి అద్దాలతోను, దోమతెరల ఫ్రేములు విప్పి కడగడంతోను మొదలుపెట్టవచ్చు.

సూర్యుని దారిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన ప్రాంతం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్‌లో నడినెత్తిని దాటి కొంచెం ఉత్తరానికి వెళ్లే సూర్యుడు, డిసెంబరులో మధ్యాహ్నం సైతం దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అందుచేత చలికాలంలో ఉత్తరం వైపు గోడకు రోజంతా ఎండ తగలదు, దక్షిణం వైపు అద్దానికి మాత్రం ఏటవాలుగా తగిలి సబ్బునీరు తుడిచేలోపే ఆరిపోతుంది. తూర్పు వైపు ముందుగా చేసుకుని, దక్షిణం వైపు పనిని ఎండ ముదరకముందే ముగించి, ఉత్తరం వైపును మధ్యాహ్నానికి వదిలి, పడమరను చివరికి ఉంచుకోవడం అన్నింటికంటే అనుకూలమైన వరుస. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరలోపే సూర్యుడు అస్తమిస్తాడు. నాలుగున్నర తరువాత చారలు కంటికి సరిగ్గా ఆనవు కాబట్టి ఆ తరువాత బయటి పని ఒప్పుకోకండి.

బోరు నీళ్లతో కడగవచ్చా?

వైపర్‌తో నీటిని పూర్తిగా లాగేసే పద్ధతిలో ఒక మోస్తరు బోరు నీరు కూడా పనికొస్తుంది, ఎందుకంటే నీరు అద్దం మీద ఆరిపోదు. నీరు పారే బ్రష్‌ను పొడుగు పోల్‌కు బిగించి, కడిగి, దానంతట అదే ఆరడానికి వదిలేసే పద్ధతిలో మాత్రం బోరు నీరు అస్సలు పనికిరాదు. నీరు ఆవిరైపోయి అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లటి చుక్కలుగా మిగులుతాయి. తాగే నీటికి భారతీయ ప్రమాణాల సంస్థ లీటరుకు 500 మిల్లీగ్రాముల కరిగిన లవణాలను ఆమోదయోగ్యమైన హద్దుగా పెట్టింది. అంటే తాగడానికి మంచిదైన నీరు సైతం అద్దం మీద మచ్చలు పెట్టగలదు. తుడవకుండా వదిలే పనికి ఈ లెక్క 10కి లోపుగా ఉండాలి. ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాన్ నీటిని వాడితే చాలుననుకునేవారు ఉన్నారు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే, చేతిలో పట్టే చిన్న టీడీఎస్ మీటరు ముంచి చూస్తే, ఆ నీరు కూడా చాలాసార్లు ఈ హద్దును మించి ఉంటుంది.

నీటిని సన్నని పొర (మెంబ్రేన్) గుండా ఒత్తి లవణాలను వేరుచేసే ఆర్వో యంత్రం, దాని తరువాత మిగిలిన లవణాలను పట్టుకునే డీఐ రెసిన్ సీసా, ఈ రెండూ వరుసగా బిగించుకోవడం సరైన మార్గం. రెసిన్ ఒక్కదాని మీదే ఆధారపడితే గట్టి బోరు నీటికి అది త్వరగా అయిపోయి ఖర్చు పెరుగుతుంది.

చలికాలంలో ఆర్వో నుంచి నీళ్లు తక్కువగా వస్తున్నాయి. యంత్రం పాడైందా?

చాలావరకు పాడై ఉండదు. నీరు చల్లబడితే చిక్కబడి పొర గుండా నెమ్మదిగా వెళుతుంది. 25 డిగ్రీల నుంచి తగ్గే ప్రతి డిగ్రీకి ఉత్పత్తి ఇంచుమించు మూడు శాతం పడిపోతుంది. ఇరవై డిగ్రీల నీటితో రాత్రంతా నడిపితే, 25 డిగ్రీల నీటితో వచ్చిన దానికంటే ఆరో వంతు దాకా తక్కువ నీరు రావడం మామూలే. అప్పుడే బోరు నుంచి తోడిన నీరు, రాత్రంతా మేడ మీది ట్యాంకులో చల్లారిన నీటికంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి యంత్రానికి దాన్ని నేరుగా పెట్టండి. లేదా మధ్యాహ్నం పూట నడుపుకోండి. మెంబ్రేన్ మార్చేముందు దానిలోకి వెళ్లే నీటి ఒత్తిడిని, ముందున్న ఫిల్టరును ఒకసారి చూసుకోవాలి.

వ్యాన్‌లో ఎంత నీరు మోసుకెళ్లవచ్చు?

ఒక లీటరు నీరు ఒక కిలో. 500 లీటర్ల ట్యాంకు నిండితే, ట్యాంకు బరువు, పంపు, బ్యాటరీ, నిచ్చెన, ఇద్దరు మనుషులు కాకుండానే అరటన్ను అవుతుంది. మన రోడ్ల మీద విరివిగా తిరిగే చిన్న వ్యాన్లలో కొన్ని ఈ బరువుకే తమ హద్దుకు చేరిపోతాయి. ఆర్సీలో ఉన్న ఖాళీ బరువును, మొత్తం బరువును చూసి తేడా లెక్క కట్టిన తరువాతనే ట్యాంకు కొనండి. సగం నిండిన ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. బ్రేకు వేసినప్పుడు నీరు ముందుకు దూకి బండిని తోస్తుంది. లోపల అడ్డుపలకలు ఉన్న ట్యాంకును, ఇనుప చట్రంతో నేలకు బిగించి వాడాలి. తాడుతో కట్టిన ట్యాంకును మాత్రం నమ్మవద్దు.

పెద్దపండుగ ముందు ఆర్డర్లన్నీ ఒకేసారి వస్తున్నాయి. ఎలా సర్దుకోవాలి?

చలికాలపు సంపాదనలో అసలు భాగం ఇదే కాబట్టి దీని గురించి వివరంగా చెప్పవలసి ఉంది. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలుకాగానే ఇళ్లకు వెల్లలు, రంగులు మొదలవుతాయి. భోగి జనవరి 13 లేదా 14న వస్తుంది. ప్రతి ఇంటివారూ భోగికి ముందు రెండు రోజుల్లోనే అద్దాలు శుభ్రం కావాలని అడుగుతారు. ఆ రెండు రోజుల్లో మీరు చేయగలిగే ఇళ్లు ఎన్నో ముందే లెక్కపెట్టుకుని, అంతకు మించి ఒక్కటి కూడా ఒప్పుకోకండి. మాట ఇచ్చి కనుమ వెళ్లిన తరువాత వచ్చే మనిషికి ఆ వీధిలో మరుసటి ఏడాది పని ఉండదు.

రంగుల పని పూర్తికాని ఇంటికి వెళ్లకండి. ఇది మొహమాటపడవలసిన విషయం కాదు. అద్దాలు తుడిచిన మర్నాడు పెయింటరు బ్రష్ విదిలిస్తే ఆ చుక్కలకు ఇంటివారు మిమ్మల్నే పిలుస్తారు. "రంగుల వాళ్లు నిచ్చెనలు తీసేశాక ఫోన్ చేయండి, రెండో రోజుకు వస్తాము" అని చెప్పి, పెయింటరు ఫోన్ నంబరు కూడా తీసుకోండి. పెయింటరుతో మంచిగా ఉన్న బండికి ఏ ప్రకటనా అవసరం లేదు. అతడు పని చేసిన ప్రతి ఇంటిలోనూ మీకు పని ఉంటుంది.

ఎండిన రంగు చుక్కలను, సున్నపు మరకలను ముందుగా సబ్బునీటితో నానబెట్టి, కొత్త బ్లేడు ఉన్న స్క్రేపరుతో ఒకే దిశలో తీయాలి. వెనక్కి లాగితే బ్లేడు కింద చిక్కుకున్న రేణువు గీత పెడుతుంది. అద్దం మూలన టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరచిన గాజు) ముద్ర ఉంటే మరింత జాగ్రత్త అవసరం. తయారీలో అద్దం మీద కంటికి కనిపించని గాజు రేణువులు అతుక్కుని ఉండవచ్చు, బ్లేడుకు అవి ఊడి అద్దమంతా సన్నని గీతలు పడతాయి. అటువంటి అద్దానికి బ్లేడు వాడేముందు యజమాని చేత రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. లోపలివైపు సన్‌ఫిల్మ్ అంటించి ఉంటే బ్లేడు ఊసే వద్దు.

తేదీని బట్టి ధర కట్టడం నేర్చుకోండి. డిసెంబరు 20 లోపు చేయించుకునేవారికి మామూలు ధర, జనవరి 8 తరువాత కోరేవారికి ఎక్కువ ధర అని కార్తీకంలోనే చెబితే, కొన్ని ఇళ్లు తమంతట తామే ముందుకు జరుగుతాయి. డిస్కౌంట్ అని బోర్డు పెట్టడం కంటే ఇది మేలు, ఎందుకంటే ఒకసారి తగ్గించిన ధరను పండుగ వారంలో పెంచితే ఎవరూ హర్షించరు.

క్రిస్మస్, కొత్త సంవత్సరానికి దుకాణాల పని ఎలా ఉంటుంది?

విజయనగరంలో గంటస్తంభం, కోట జంక్షన్ ప్రాంతాల్లోను, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్, జీటీ రోడ్డు పరిసరాల్లోను ఉండే బట్టల, నగల దుకాణాలకు వారానికోసారి షోకేసు అద్దాలు తుడిచే ఒప్పందం కుదుర్చుకుంటే నిలకడైన ఆదాయం ఉంటుంది. షట్టర్ తీసేవేళకు ముందే పని ముగియాలి. షోకేసులు పోర్టికో కింద ఉంటాయి కనుక మంచు బెడద లేదు. పొద్దున్నే చేయగల పనుల్లో ఇదొకటి. చర్చిల రంగు అద్దాలకు గట్టి రసాయనాలు, ప్రెషర్ వాషరు రెండూ వద్దు.

పంట కోతల ధూళి మీద వైపర్ నడపవచ్చా?

నవంబరు, డిసెంబరుల్లో వరి కోతలు, నూర్పులు జరిగే పల్లెల్లోను, రైస్‌మిల్లుల చుట్టుపక్కల ఇళ్లలోను అద్దాల మీద ఊక దుమ్ము పేరుకుంటుంది. వరి పొట్టులో సిలికా ఎక్కువ. టెక్కలి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల దుమ్ము, ఇటుక బట్టీల బూడిద కూడా అదే స్వభావం కలవి. పొడిగుడ్డతో తుడవడం అంటే ఉప్పు కాగితంతో రుద్దడమే. ముందు ధారాళంగా నీరు పారించి రేణువులను కిందికి దింపి, తరువాత తడి స్లీవ్‌తో (కర్రకు తొడిగే మెత్తటి గుడ్డ తొడుగు) సబ్బునీరు పట్టించి, అప్పుడు వైపర్ లాగాలి. బకెట్ నీటిని తరచుగా మార్చాలి. చారలు వస్తున్నాయని రబ్బరును నిందించే చాలా సందర్భాల్లో తప్పు బకెట్‌లోని మురికి నీటిదే.

పాత ఉప్పు మచ్చలకు ఆమ్లం వాడవచ్చా?

తెల్ల వెనిగర్ వంటి బలహీనమైన ఆమ్లాన్ని నీటిలో కలిపి, కొద్ది నిమిషాలు నిలిపి కడిగితే కొత్త మచ్చలు పోతాయి. ఏళ్ల తరబడి అద్దంలోకి దిగిన మచ్చలు దీనితో పోవు, వాటికి పాలిష్ చేయాలి. ఆ సంగతి పనికి ముందే చెప్పాలి. మన ఇళ్లలో కిటికీ గట్లకు కడప రాయి వేయడం మామూలు. అది సున్నపురాయి జాతికి చెందినది కాబట్టి ఆమ్లం చుక్క పడితే నునుపు పోయి తెల్లబడుతుంది. మార్బుల్‌కూ అంతే. గట్టు మీద తడి గుడ్డ పరచిన తరువాతనే వెనిగర్ సీసా మూత తీయండి. బాత్‌రూమ్‌లు కడిగే యాసిడ్‌ను అల్యూమినియం ఫ్రేముల దగ్గరకు తీసుకువెళ్లరాదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉన్న మరక మందులు గాజును, మనిషి ఎముకలను కూడా తినగలవు. వాటిని ఏ ధరకూ కొనకండి.

సముద్రం ఒడ్డు ఊళ్ల పని ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవచ్చు. కళింగపట్నం, బారువ, చింతపల్లి వంటి చోట్ల అద్దాల మీద ఉప్పుపొర త్వరగా తిరిగి వస్తుంది కాబట్టి నెలకు ఒకసారి చేసే ఒప్పందానికి అవి తగిన చోట్లు. ముందు మంచినీటితో ఉప్పును కరిగించి దింపండి. మీ బండి అడుగు భాగాన్ని కూడా ఇంటికి వచ్చాక కడుక్కోండి.

తుఫాను హెచ్చరిక ఉంటే ఏమి చేయాలి?

మన తీరానికి తుఫాను కాలం అక్టోబరుతో ముగిసిపోదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో డిసెంబరు వరకు అల్పపీడనాలు వస్తూనే ఉంటాయి. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్‌ను, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో దాటిన తిత్లీని, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర దాటిన గులాబ్‌ను ఇక్కడివారు మరచిపోలేదు. భారత వాతావరణ విభాగం ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఇచ్చిన రోజున పోల్ ఎత్తకూడదు, నిచ్చెన వేయకూడదు. ఆ రోజు ఆర్డర్లను ముందురోజే ఫోన్ చేసి మార్చండి. ట్యాంకులో మంచినీరు నింపి ఉంచుకోవడం మాత్రం తెలివైన పని, కరెంటు లేని రోజుల్లో ఇంటికీ వీధికీ అక్కరకు వస్తుంది.

గాలి తగ్గిన తరువాత వచ్చే గిరాకీలో తొందరపడవద్దు. పగిలి ఫ్రేములో వేలాడే గాజు ముక్కలు, తెగి పడిన తీగలు తొలగించేవరకు ఆ ఇంటిలో అడుగు పెట్టకూడదు. గాలివానకు అతుక్కున్న ఇసుకను, ఆకుల ముద్దను గుడ్డతో కాకుండా నీటి ధారతోనే దింపాలి. అటువంటి రోజుల్లో ధరలు పెంచడం మాకు సమ్మతం కాదు.

పొగమంచులో ప్రయాణం?

జనవరి ఉదయాల్లో ఇచ్ఛాపురం నుంచి భోగాపురం వరకు 16వ నంబరు జాతీయ రహదారి మీద, నాతవలస నుంచి విజయనగరం మీదుగా వెళ్లే 26వ నంబరు రహదారి మీద దట్టమైన పొగమంచు పడుతుంది. హైబీమ్ వేస్తే వెలుగు మంచుకు తగిలి మీ కళ్లలోకే తిరిగి వస్తుంది. లోబీమ్‌తో నెమ్మదిగా నడపండి. నీటి బరువుతో ఉన్న బండి ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. సర్వీసు రోడ్ల మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. మంచులో ఆ రాళ్లు కనబడవు. ఎలాగూ తొమ్మిదింటికి గాని బయటి అద్దాల పని మొదలవదు కనుక తెల్లవారుజామున బయలుదేరవలసిన అవసరమే లేదు.

పనివారి విషయంలో ఈ కాలానికి ప్రత్యేకమైన జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి, వాటిలో మొదటిది ఎవరూ రాయనిది. కార్తీక, మార్గశిర మాసాల్లో మన కుర్రవాళ్లలో చాలామంది నలభై ఒక్క రోజుల అయ్యప్ప దీక్ష తీసుకుంటారు, చెప్పులు వేసుకోరు. తడి నిచ్చెన మెట్ల మీద, గాజు పెంకులు ఉండే చోట వట్టి పాదాలతో పని చేయించడం సరికాదు. దీక్ష మాన్పించే ప్రయత్నం చేయకుండా, మాల వేసుకున్న స్వామికి ఆ రోజులు లోపలి అద్దాలు, పంపు, గొట్టం, లెక్కల పని అప్పగించండి. ఉదయపు పూజకు వేళ కూడా సరిపోతుంది. భోగి నుంచి ముక్కనుమ వరకు ఎవరూ పనికి రారని ముందే రాసుకోండి. పండుగ బోనస్‌ను భోగికి వారం ముందు ఇవ్వడం మర్యాద.

రెండవది విద్యుత్తు. కార్బన్ ఫైబర్ పోల్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. ఫైబర్‌గ్లాస్ పోల్ కూడా తడిస్తే, మురికి పడితే సురక్షితం కాదు. మన వీధుల్లో పదకొండు వేల వోల్టుల తీగలు బాల్కనీలకు చేయి చాపితే అందేంత దగ్గరగా వెళ్లే చోట్లు ఉన్నాయి. పోల్ విప్పే ముందు తల పైకెత్తి చూడటం ప్రతి ఇంటి దగ్గరా జరగాలి. ఇంటికి తీగ దగ్గరగా ఉన్న వైపును వదిలేసి, ఆ మేరకు ధర తగ్గించండి.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. 18 నుంచి 70 ఏళ్ల వారు బ్యాంకు ఖాతా ద్వారా చేరవచ్చు. మీ దగ్గర పనిచేసేవారందరినీ అందులో చేర్పించండి. అది చాలదు గాని, లేకపోవడం కంటే ఎంతో నయం.

చలికాలానికి ధర ఎలా కట్టాలి?

రోజువారీ ఖర్చును పని జరిగే గంటలతో భాగించండి. ఉదాహరణకు కూలీ, డీజిలు, బండి వాయిదా, నీరు, అరుగుదల అన్నీ కలిపి రోజుకు 3,000 రూపాయలు అనుకుందాము. ఎనిమిది గంటలు పని జరిగే రోజున గంటకు 375 రూపాయలు ఖర్చు. ఆరు గంటలే జరిగే డిసెంబరు రోజున అదే 500 అవుతుంది. మీ లాభం దీనికి పైన ఉండాలి. కిటికీకి ఇంత అని చెప్పే ధర ఇంటివారికి సులభంగా అర్థమవుతుంది, కాని గ్రిల్ ఉన్న కిటికీకి, లేని కిటికీకి పట్టే సమయంలో చాలా తేడా ఉంటుంది. మన ఇళ్లలో గ్రిల్ లేని కిటికీ అరుదు కాబట్టి ఇంటిని చూడకుండా ఫోన్‌లో ధర చెప్పకండి.

పన్నులు, కాగితాలు ఏమి కావాలి?

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం. సేవల వ్యాపారానికి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. శుభ్రపరిచే సేవకు రేటు 18 శాతం. టర్నోవర్ 50 లక్షల లోపు ఉన్నవారు ఆరు శాతం చెల్లించే కాంపోజిషన్ పద్ధతిని ఎంచుకోవచ్చు, అయితే అప్పుడు ఆ పన్నును వినియోగదారుడి నుంచి వసూలు చేయరాదు. బండికి వాణిజ్య రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని సాధారణ ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో స్పష్టం చేసింది. పెట్టుబడికి ముద్రా రుణం అడగవచ్చు. శిశు విభాగంలో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు ఇస్తారు. పరికరాల కొటేషన్లతో వెళితే బ్యాంకులో మాట త్వరగా సాగుతుంది.

పండుగ వెళ్లాక పుష్యమాసంలో పని ఉండదు కదా?

పుష్యమాసాన్ని శూన్యమాసంగా భావించి పెళ్లిళ్లు పెట్టుకోరు. సరిగ్గా ఆ కారణం వల్లనే కల్యాణమండపాలు ఆ రోజుల్లో ఖాళీగా ఉంటాయి. మాఘమాసపు ముహూర్తాలకు ముందు ఎత్తైన అద్దాలు, షాండిలియర్ల చుట్టూ ఉండే గాజు పలకలు శుభ్రం చేయించుకోవడానికి వారికి ఇదే సమయం. మండపం మేనేజరును పండుగ తరువాత కలవడం ఆలస్యం. మార్గశిరంలోనే కలిసి పుష్యంలోని తేదీలు ఖాయం చేసుకోండి. శ్రీకాకుళం వారికి అరసవల్లి రథసప్తమి ముందు లాడ్జీల పని కూడా ఉంటుంది.

ఆ మధ్యలో దొరికే ఒకటి రెండు ఖాళీ రోజుల్లో వైపర్ రబ్బర్లు తిప్పి వేసుకోవడం, ట్యాంకు లోపల పాచి కడగడం, గొట్టాల జాయింట్లు బిగించడం, నిచ్చెన అడుగు రబ్బర్లు మార్చడం పూర్తి చేయండి. ఫిబ్రవరి చివరికి ఎండ ముదిరి, ఉదయం ఆరింటి బయలుదేరుడు మళ్లీ మొదలవుతుంది.